మేరీ బెథూన్ మాత

అమెరికా దేశమున దక్షిణ కెరొలైనా రాష్ట్రమందు మేయస్‌విల్ అను పల్లె చెంత 1875వ సంవత్సరము జూలై 10వ తేదీన మేరీ మెక్లియోడ్ జన్మించెను. తండ్రి సామ్యూల్, తల్లి పాట్సీ. ఇరువురును బానిసలుగా పుట్టినవారే. పదునేడుగురు సంతానములో మేరీ పదునైదవది. ఆమె పుట్టునాటికి ఆ దేశమున బానిసత్వము రద్దై పది సంవత్సరములు మాత్రమే గడచియుండెను. స్వేచ్ఛ లభించిన పిమ్మట కూడ తల్లి తన పూర్వపు యజమాని ఇంట పని మానలేదు. కూలి డబ్బు కూడబెట్టి కొంత నేల కొని, ఆ కుటుంబమువారు ప్రత్తి పండించుకొనసాగిరి. పిల్లలందరును చేనిలో ప్రత్తి తీసినవారే.

కోరంగి రేవున ఓడలెక్కి, ఒప్పందపు కాగితముపై వ్రేలిముద్ర వేసి, మారిషస్ చెఱకు తోటలకు చేరినవారి సంతతికి ఈ చరిత్ర పరాయిది కాదు. గిర్మిటు బానిసత్వము కాదు. దానికి గడువుండెను, కూలి యుండెను. కాని ఆ దీవిలో 1835లో బానిసత్వము రద్దైన తరువాత, విడుదలైనవారు వదలిన పొలములలోనికే ఆ కూలీలను దింపిరి. పగలెల్ల చెఱకు నరికి, సాయంకాలము బైట్కాలో దీపపు వెలుతురున అక్షరములు దిద్దిన పెద్దలు గల ఇండ్లలో మేరీ కథను వేరుగ వివరింప నక్కఱలేదు.

తల్లి ఉతికిన బట్టలను యజమాని ఇంటికి చేర్చుటకై ఒకనాడు పసిబిడ్డయైన మేరీ వెంట వెళ్లెను. అక్కడ పిల్లల గదిలో ఒక పుస్తకము కనబడగా చేతిలోనికి తీసికొనెను. ఆ ఇంటి బాలిక చూచి, దానిని క్రింద పెట్టుమని, నీకు చదువు రాదని గద్దించెను. తెల్లవారికిని తనవారికిని గల భేదమంతయు ఆ పుస్తకములోనే యున్నదని మేరీకి తోచెను. వృద్ధాప్యము వరకును ఆమె ఈ సంగతిని చెప్పుచునే యుండెను.

కొంత కాలమునకు మేయస్‌విల్‌లో నల్లవారి పిల్లల కొఱకు మిషను బడి తెరచిరి. ఇంటినుండి ఒక్కరిని మాత్రమే పంపగలిగిరి. ఆ భాగ్యము మేరీకి దక్కెను. మైళ్ల కొలది నడచి వెళ్లి నేర్చినదానిని సాయంకాలము ఇంటివారికి నేర్పెడిది. దూరమున డెన్వరు నగరమందున్న ఒక స్త్రీ తన సంపాదనలో మిగిల్చి ఇచ్చిన సహాయముతో 1888 నుండి 1894 వరకు స్కోషియా విద్యాలయమున చదివెను. ముఖమెరుగని బాలిక కొఱకు ఆ మహాతల్లి చేసిన దానము ఎంత దూరము ప్రాకెనో చూడుడు. ఆఫ్రికాకు మతబోధకురాలిగా పోవలెనని మేరీ కోరెను గాని, నల్లవారికి అట్టి ఉద్యోగము లేదని సంఘమువారు నిరాకరించిరి. అంతట ఉపాధ్యాయినియై, 1898లో ఆల్బర్టస్ బెథూన్‌ను వివాహమాడి, మరుసటి సంవత్సరము ఒక కుమారుని గనెను.

1904 అక్టోబరులో ఫ్లోరిడా రాష్ట్రమందలి డేటోనాలో ఆమె బాలికలకు బడి తెరచెను. చేతిలోని ధనము డాలరున్నర. ఇంటి అద్దె నెలకు పదునొకండు డాలర్లు! శిష్యులు ఐదుగురు బాలికలును, తన కుమారుడును. పారవేసిన చెక్క పెట్టెలే బల్లలు. కాలిన కట్టెల బొగ్గే పెన్సిలు. అడవి పండ్ల రసమే సిరా. చిలగడదుంపలతో తీపి వంటకములు చేసి కూలీలకును, విహారమునకు వచ్చినవారికిని అమ్మి బడికి ధనము కూర్చెను. బాలికలు హోటళ్లలో పాటలు పాడిరి. ధనవంతుల తలుపు తట్టుటకు ఆమె ఏనాడును సిగ్గుపడలేదు. పట్టణపు చెత్త పోయు పల్లపు నేలను కొని, దానిపై 1907లో ఫెయిత్ హాల్ అను భవనమును లేపెను. ఒక విద్యార్థినికి పట్టణపు ఆసుపత్రిలో లోపల చోటీయక వెనుక వసారాలో ఉంచిరని తెలిసి, 1911లో తానే చిన్న ఆసుపత్రి స్థాపించెను.

ఈ పనికి ఇంటిలో చెల్లించిన మూల్యము తక్కువది కాదు. 1907లోనే భర్త ఆమెను విడిచి స్వరాష్ట్రమునకు పోయెను, 1918లో మరణించెను. కుమారుడు బడిగదులలోనే పెరిగెను. ఊరూర చందాలకై తిరుగు తల్లి ఆ బిడ్డకు ఎంత దక్కెనో ఊహించుట కష్టము కాదు. ఆ లోటు తీర్చుటకో యేమో, తరువాత మనుమని తన కన్నకొడుకువలె చేరదీసి పెంచెను.

1920 తరువాతి ఎన్నికల దినములలో, నల్లవారిచే ఓట్లు వేయించుచున్నదను కోపముతో ముసుగులు ధరించిన క్లాన్ ముఠావారు రాత్రివేళ బడి మీదికి వచ్చిరి. ఆమె దీపములన్నియు వెలిగింపజేసి బాలికలచే భక్తిగీతములు పాడించెను. వచ్చినవారు వెళ్లిపోయిరి; ఓట్లు ఆగలేదు. 1923లో ఆ బడి కుక్‌మన్ విద్యాలయముతో కలసి, క్రమముగా కళాశాలయై, 2007లో విశ్వవిద్యాలయమయ్యెను. 1935లో ఆమె నల్లజాతి స్త్రీల జాతీయ సమితిని స్థాపించెను. మరుసటి సంవత్సరము నుండి అధ్యక్షుడు రూజ్‌వెల్టు ప్రభుత్వమున యువజన శాఖలో అధికారిణిగా పనిచేసెను. 1945లో ఐక్యరాజ్యసమితి ఏర్పడిన శాన్‌ఫ్రాన్సిస్కో సభకును వెళ్లెను.

1955 మే 18వ తేదీన డేటోనాలో తన ఇంటనే ఆమె కన్నుమూసెను. ఆ విద్యాలయపు ఆవరణలోనే సమాధి చేసిరి. వాషింగ్టన్ నగరమందలి పార్లమెంటు భవనములో ఫ్లోరిడా పక్షమున, బానిసత్వమును నిలుపగోరిన పక్షమున పోరాడిన సేనాని విగ్రహము చిరకాలముండెను. 2022లో దానికి బదులుగా ఆమె పాలరాతి విగ్రహమును నిలిపిరి. పట్టభద్రుల అంగీ ధరించి యుండును. పాదముల చెంత పుస్తకముల దొంతర గలదు.