మట్టికి శిష్యుడు – సర్ ఆల్బర్ట్ హోవర్డ్

బోధించడానికి వచ్చి, తానే శిష్యుడిగా మారిన శాస్త్రవేత్త సర్ ఆల్బర్ట్ హోవర్డ్. ఆయన 1873లో ఇంగ్లండులోని ఒక రైతు కుటుంబంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించి, వెస్టిండీస్ దీవులలో పంట తెగుళ్లను పరిశోధించారు. అయితే స్వయంగా పండించి చూడకుండా, ప్రయోగశాల నుండి రైతుకు సలహాలివ్వడం ఆయనకు తృప్తి కలిగించలేదు.

1905లో ఆయన బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో చేరారు. వృక్షశాస్త్రవేత్త అయిన భార్య గేబ్రియెల్‌తో కలిసి మేలైన గోధుమ వంగడాలను రూపొందించారు. రసాయనాల ఊసే ఎరుగని చుట్టుపక్కల రైతుల పొలాలలో పైరు ఆరోగ్యంగా పెరగడం ఆయనను ఆలోచింపజేసింది. ఆ రైతులనే గురువులుగా భావించి, వారి పద్ధతులను శ్రద్ధగా పరిశీలించారు.

పొలానికి చేరవలసిన పేడలో చాలా భాగం పిడకలై పొయ్యిలో కాలిపోతున్నది. ఉన్న కొద్దిపాటి పేడతోనే ఎక్కువ ఎరువు తయారుచేయడమెలా? 1924 నుండి ఇండోరులో ఆయన ఈ సమస్యకు పరిష్కారం వెతికారు. పంటల వ్యర్థాలు, ఆకులు, పేడ, పశుమూత్రంతో తడిసిన మట్టి, కట్టెబూడిద పొరలు పొరలుగా పేర్చి, తగినంత తేమ, గాలి అందేలా చూశారు. శిలీంధ్రాలు, బాక్టీరియా పనికి పూనుకోగానే కుప్ప వేడెక్కేది. దానిని అప్పుడప్పుడు తిరగవేస్తే, సుమారు మూడు నెలలలో చెత్త సారవంతమైన ఎరువుగా మారేది. ఇదే ఇండోరు పద్ధతిగా ప్రసిద్ధి చెందింది.

1930లో గేబ్రియెల్ మరణించారు. ఆ దుఃఖంలోనూ ఆయన కృషి ఆగలేదు. 1931లో సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి ఈ పద్ధతిని గ్రంథరూపంలో వెలువరించి, స్వదేశానికి మరలారు. రసాయనిక ఎరువుల వాడకం పెరుగుతున్న ఆ రోజులలో ఆయన వాదనను పలువురు శాస్త్రజ్ఞులు అంగీకరించలేదు. అయినా, నేల నుండి తీసుకున్నదానిని నేలకే తిరిగి ఇవ్వాలని చివరివరకు చాటారు. వానపాములపై డార్విన్ రచించిన గ్రంథం 1945లో పునర్ముద్రణ పొందినప్పుడు దానికి పీఠిక రాశారు. 1947లో కన్నుమూశారు.

ఆయన చాటిన నియమానికి పొలమే కానక్కరలేదు. పెరడు లేని ఇళ్లున్న హైదరాబాదు పాతబస్తీలో, హుస్సేనీ ఆలం వంటి పేటలలో సైతం మిద్దెపై ఒక మట్టికుండ చాలు. అడుగున రంధ్రాలున్న కుండలో ఎండుటాకులను, కూరగాయల తొక్కలను పొరలుగా వేసి, కొంచెం పాత ఎరువు కలిపితే సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. వేడి తగ్గిన తరువాత ఎరువు వానపాములను వదిలి, నీడలో తడి ఆరకుండా చూస్తే మిగిలిన పని అవే పూర్తిచేస్తాయి. వీధిలో పడితే దుర్గంధమయ్యే చెత్త, కుండలో పడితే మొక్కకు ఆహారమవుతుంది.