వెండికి వన్నె తెచ్చిన ఓవ్చిన్నికోవ్

పందొమ్మిదో శతాబ్దపు రష్యాలో తేనీరు గృహమర్యాదకు చిహ్నం. చైనా నుంచి ఒంటెల బిడారులపై వచ్చిన తేయాకును చిక్కగా కాచి, సమోవార్‌లో మరిగిన నీటితో పలుచన చేసి అతిథులకు అందించేవారు. సామాన్యుల సమోవార్లు రాగివి, ఇత్తడివి. సంపన్నుల ఇళ్లలో మాత్రం తేనీటి పాత్ర, చక్కెర గిన్నె, పాలకూజా, చెంచాలు అన్నీ వెండివే. అటువంటి పాత్రలు చేయించడంలో పేరెన్నికగన్నవాడు పావెల్ అకీమొవిచ్ ఓవ్చిన్నికోవ్.

ఆయన 1830లో జన్మించాడు. పుట్టుకతో స్వేచ్ఛ లేనివాడు. ఆనాటి రష్యాలో భూమితోపాటు దానిని దున్నే మనుషులూ ప్రభువుల ఆస్తే. వెట్టిచాకిరిని ఎరిగిన తెలంగాణ వారికి ఆ స్థితిని ఊహించడం కష్టం కాదు. పావెల్ వోల్కోన్‌స్కీ ప్రభువుల అధీనుడు. బాలుని చిత్రలేఖన ప్రతిభను గుర్తించి, వెండి బంగారు పని నేర్చుకోవడానికి అతణ్ణి మాస్కోకు పంపారు. దేశమంతటా ఆ దాస్యం రద్దయింది 1861లో. అంతకు చాలా ముందే ఆయన విముక్తుడై, 1850ల తొలినాళ్లలో మాస్కోలో సొంత కార్ఖానా స్థాపించాడు.

ఆ కార్ఖానా మీనా పనికి ప్రసిద్ధి. వెండిపై సన్నని తీగలను అతికి గళ్లు ఏర్పరచి, వాటిలో రంగుల గాజుపొడి నింపి కొలిమిలో కాలుస్తారు. వేడి కాస్త మించితే వారాల శ్రమ వృథా అవుతుంది. మన కరీంనగర్ పనివారు వెండితీగనే అల్లి పాత్రగా మలుస్తారు; ఇక్కడ తీగ రంగులకు గట్టు మాత్రమే. వెండి బుట్టపై నారబట్ట పరచినట్లు భ్రమింపజేసే పాత్రలనూ అక్కడ చేసేవారు. ఆ బట్ట మడతలూ వెండివే! పాత్రల అడుగున 84 అనే అంకె ముద్ర ఉండేది. 96 పాళ్లలో 84 పాళ్లు మేలిమి వెండి అని దాని అర్థం.

1865లో మాస్కో ప్రదర్శనలో ఆయనకు బంగారు పతకం లభించింది. రాజకుటుంబం ఆదరించింది. అయితే ఆ గౌరవాలకన్నా ఆయన నెలకొల్పిన పాఠశాలే గొప్పదనిపిస్తుంది. పనిపిల్లలను ఊడిగానికి వాడుకోవడం అన్నిచోట్లా మామూలైన ఆ రోజుల్లో, సుమారు 130 మంది శిష్యులకు ఏళ్ల తరబడి చిత్రలేఖనం, శిల్పం, లోహపు పని క్రమపద్ధతిలో నేర్పించాడు. కార్ఖానాలలో పనివారి, శిష్యుల బతుకుల గురించి ఒక చిన్న గ్రంథం కూడా రచించాడు.

ఆయన 1888లో మరణించాడు. కుమారులు ఆ కార్ఖానాను 1917 విప్లవం వరకు నడిపారు.