పదవి పోయినా పేరు పోని అప్పాజీ

డిగ్రీ చేతికొచ్చి ఏడాదైంది. ఒక ఫ్రెండ్ బెంగళూరులో ఐటీ జాబ్ కొట్టాడు, ఇంకొకడు కియాలో చేరాడు. ఇప్పుడేం చేస్తున్నావని ఎవరైనా అడుగుతారేమోనని పెళ్లిళ్లకు వెళ్లడమే మానేశారా? అయితే హిందూపురం నుంచి ధర్మవరం రైల్లో వెళ్లేటప్పుడు, పెనుకొండ దగ్గర ఒక్కసారి కొండకేసి చూడండి. అక్కడ మీరు తెలుసుకోవాల్సిన ఒకాయన కథ ఉంది.

ఆయన సాళువ తిమ్మరుసు. 1509లో గద్దెనెక్కిన శ్రీకృష్ణదేవరాయలకు మహామంత్రి. రాయలు ఆయన్ని అప్పాజీ అని తండ్రిలా పిలిచేవాడని చెప్పుకొంటాం. 1515లో కొండవీడు విజయనగరం చేతికొచ్చాక ఆ సీమ పాలన కూడా ఆయనకే అప్పగించారు. రాజు తర్వాత రాజంతటివాడు.

1524 ప్రాంతంలో అంతా తలకిందులైంది. రాయలు పట్టం కట్టిన చిన్నారి కొడుకు తిరుమలరాయలు జబ్బుచేసి చనిపోయాడు. విషం పెట్టించారన్న అనుమానం తిమ్మరుసు కుటుంబం మీద పడింది. కొన్నేళ్లకు విజయనగరం వచ్చిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసినదాని ప్రకారం, ఆయన్ని చెరలో వేశారు, తర్వాత కళ్లు తీయించారు. ఆ చెర పెనుకొండ కోటేనని ఇక్కడివాళ్లు చెబుతారు. ఊళ్లో ఆయన సమాధినీ చూపిస్తారు.

ఒక్క అనుమానంతో పదవి పోయింది. చేసిన పని మాత్రం చెరిగిపోలేదు. ఐదొందల ఏళ్లయినా, మంచి మంత్రి అనగానే మనకు గుర్తొచ్చేది అప్పాజీయే.

ఇది మీకెందుకంటే, హోదా రెండు రకాలు. జీతం, పోస్టు బయటికి కనిపించేవి. నలుగురిలో నేనెక్కడున్నానని లోపల వేసుకునే లెక్క రెండోది. పరిశోధకులు పది మెట్ల నిచ్చెన బొమ్మ చూపించి, మీరు ఏ మెట్టు మీదున్నారని అడుగుతారు. కింది మెట్లు చూపించినవాళ్లలో డిప్రెషన్ ఎక్కువగా కనిపిస్తోంది. ఆదాయం, చదువు లెక్కలోకి తీసుకున్నా అంతే. ఇందులో ఇంకో మెలిక ఉంది. డిప్రెషన్‌లో ఉన్న మనసు తనను తానే కింది మెట్టుకు దించుకుంటుంది. అంటే, అందరికన్నా అడుగున ఉన్నానని మీకనిపించడం నిజం కాకపోవచ్చు, జబ్బు లక్షణం కావచ్చు.

డబ్బు ఇబ్బంది నిజమే, ఉద్యోగం కావాల్సిందే. ప్రయత్నం ఆపొద్దు. కానీ రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే, నిద్ర, ఆకలి దెబ్బతింటే, ఇష్టమైన పనీ చేయబుద్ధి కాకపోతే డాక్టర్‌ని కలవండి. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చెరలో తిమ్మరుసుకు ఆ వీలు లేదు. మీకుంది.