బిర్సా ముండా

అల్లూరి, కొమురం భీం కథలు మనందరికీ తెలుసు. అందుకే నేను ఈసారి బిర్సా ముండా గురించి రాస్తున్నాను.

బిర్సా 1875 నవంబరు 15న ఉలిహాతు అనే ఊళ్లో పుట్టాడు. అది ఇప్పుడు జార్ఖండ్ రాష్ట్రంలో ఉంది. చిన్నప్పుడు గొర్రెలు కాశాడు. మన వయసులో చాయిబాసాలో మిషన్ బడిలో చదువుకున్నాడు.

ఆ రోజుల్లో జమీందార్లు, వడ్డీ వ్యాపారులు ముండాల భూములు లాక్కున్నారు. వాళ్లతోనే వెట్టి చేయించారు. బిర్సా ఊరూరా తిరిగి జనాన్ని కూడగట్టాడు. 1895లో పోలీసులు పట్టుకుపోయారు. రెండేళ్లు జైలు శిక్ష వేశారు. బయటికొచ్చాక ఆయన భయపడి ఇంట్లో కూర్చోలేదు. 1899 చివర్లో ముండాలు తిరగబడ్డారు. దాన్ని ఉల్గులాన్ అంటారు. 1900 జనవరిలో సైల్ రకబ్ కొండ మీద చేరిన జనాన్ని తుపాకులతో కాల్చారు. బిర్సాని పట్టిస్తే 500 రూపాయలిస్తామన్నారు. చివరికి అడవిలో దొరికిపోయాడు.

ఆయన్ని రాంచీ జైల్లో పెట్టారు. విచారణ పూర్తి కాకుండానే 1900 జూన్ 9న అక్కడే చనిపోయాడు. అప్పటికి 25 ఏళ్లు కూడా నిండలేదు. జైలు వాళ్లు కలరా అన్నారు. జనం మాత్రం విషం పెట్టారన్నారు. ఆయన తోటివాళ్లలో ముగ్గుర్ని ఉరి తీశారు.

1908లో ముండాల భూములు కాపాడే చట్టం వచ్చింది. చూడ్డానికి బిర్సా లేడు.

నాకు ఒకటే అనిపిస్తుంది. చేతులు కట్టేసిన మనిషి తనను తాను కాపాడుకోలేడు. అలాంటప్పుడు అతని ప్రాణానికి పట్టుకున్నవాళ్లే జవాబు చెప్పాలి కదా!