ప్లేగును కళ్లారా చూసిన గ్రనడా వజీరు

గ్రనడాలోని అల్‌హంబ్రా కోట బొమ్మను మనలో చాలామంది క్యాలెండర్ల మీద చూసే ఉంటాం. ఆ గోడల మీద చెక్కిన కవితల్లో లిసానుద్దీన్ ఇబ్నుల్ ఖతీబ్ రాసినవీ ఉన్నాయి. ఆయన కవి, చరిత్రకారుడు, వజీరు. వైద్యుడు కూడా అన్న సంగతి మన ఇళ్లలో తక్కువమందికి తెలుసు.

ఆయన క్రీ.శ. 1313లో గ్రనడా రాజ్యంలోని లౌషా పట్టణంలో జన్మించారు. 1340లో తరీఫా యుద్ధంలో తండ్రీ, అన్నా ఒకేసారి అమరులయ్యారు. తర్వాత సుల్తాను దివాణంలో ఇబ్నుల్ జయ్యాబ్ అనే గురువు కింద లేఖకునిగా చేరారు. రాత్రిళ్లు నిద్ర పట్టని జబ్బు ఆయనకు. పగలు రాజ్యకార్యాలు, రాత్రి గ్రంథ రచన. అందుకే ఆయన్ని రెండు జీవితాలవాడని పిలిచేవారు.

1348లో స్పెయిన్ తీరానికి ప్లేగు వచ్చింది. మరుసటి ఏడాది ఆరంభంలో గురువు కూడా ఆ మహమ్మారికే బలయ్యారు. ఆయన కూర్చున్న ఆసనం ముప్పై అయిదేళ్ల శిష్యునికి దక్కింది. అలా దక్కిన పదవి ఏపాటి సంతోషాన్నిస్తుంది!

ఈ ప్లేగు మీద ఇబ్నుల్ ఖతీబ్ ఒక చిన్న గ్రంథం రాశారు. చెడుగాలి వల్ల రోగం పుడుతుందని ఆనాటి వైద్యులందరిలాగే ఆయనా నమ్మారు. అయితే అక్కడితో ఆగలేదు. రోగితో మెలిగినవాడు పడిపోతున్నాడు, దూరంగా ఉన్నవాడు నిలబడుతున్నాడు. రోగి బట్టలు, గిన్నెలు ఇంట్లోకి వస్తే వాటి వెంట చావూ వస్తోంది. రోగి చెవిపోగు పెట్టుకున్నవాడూ బతకలేదు. ఆరోగ్యంగా ఉన్న రేవులో రోగమున్న ఊరి నుంచి ఓడ దిగితే, ఆ రేవులోనూ జబ్బు మొదలవుతోంది. ఎడారి గుడారాల్లో విడిగా బతికే సంచార జాతులు మాత్రం క్షేమంగా ఉన్నాయి. ఇవన్నీ ఆయన వరుసగా రాసిపెట్టారు.

మొరాకోలోని సలా పట్టణంలో ఇబ్ను అబీ మద్‌యన్ అనే ధార్మికుడు ఉండేవారు. ఆయన తిండి గింజలు నిల్వ చేసుకుని, పెద్ద కుటుంబంతో సహా ఇంట్లో ఉండి తలుపు మూయించేశారు. ఊరు ఊరంతా అల్లాడిపోయింది. ఆ ఇంట్లో ఒక్కరూ పోలేదు. 2020లో తలుపులు వేసుకు కూర్చున్న మనకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అంటు అనేదే లేదని ఆనాడు కొందరు పండితులు హదీసును చూపి వాదించేవారు. ప్లేగు ఉన్న ఊరికి వెళ్లవద్దనీ, ఆ ఊళ్లో ఉన్నవారు బయటికి రావద్దనీ దైవప్రవక్త (స) ఆదేశించిన హదీసు కూడా మన దగ్గరే ఉంది. దానికి తగినట్టే హజ్రత్ ఉమర్ (రజి) సిరియా దారిలో సర్గ్ నుంచే వెనుదిరిగారు. కళ్లకు కనిపించే సాక్ష్యం ఒక వాక్యానికి ఎదురైతే ఆ వాక్యాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలన్నది ఇబ్నుల్ ఖతీబ్ వాదన. ఆ రోజుల్లో వజీరుకైనా ఈ మాట అనడం చిన్న సాహసం కాదు.

దర్బారు కుట్రలు భరించలేక 1371లో ఆయన మొరాకోకు వెళ్లిపోయారు. గ్రనడాలో ఆయన పుస్తకాలు తగలబెట్టారు, ధర్మభ్రష్టుడని నేరం మోపారు. ప్లేగు గ్రంథం వల్లే ఆయన్ని చంపారని కొందరు రాస్తుంటారు. మనం అలా అనలేం. దైవప్రేమ మీద ఆయన రాసిన సూఫీ గ్రంథమే ప్రధానంగా సాకు అయింది, అసలు కారణం రాజకీయ పగ. చరిత్రకారుడైన మిత్రుడు ఇబ్ను ఖల్దూన్ విడిపించాలని ప్రయత్నించినా ఫలించలేదు. 1374లో ఫెజ్ చెరసాలలో గొంతు నులిమి చంపారు. పూడ్చిన శవాన్ని మర్నాడు వెలికితీసి కాల్చారు. చివరికి బాబ్ మహ్రూఖ్ ద్వారం దగ్గర ఖననం చేశారు.

ప్లేగు గ్రంథం మాత్రం మంటలకు చిక్కలేదు. దాని ప్రతి స్పెయిన్‌లోని ఎస్కోరియల్ గ్రంథాలయంలో మిగిలింది. 1863లో ముల్లర్ అనే జర్మన్ పండితుడు దాన్ని అచ్చు వేయించారు. ప్లేగు క్రిమిని హాంకాంగ్‌లో యెర్సిన్ కనిపెట్టింది 1894లో. ఎలుకల ఒంటిమీది చిన్న పురుగులు దాన్ని మోస్తాయని, అవి బట్టల్లోనూ దాగుతాయని తెలిసింది ఆ తర్వాతే.