వెలుగును ఔషధంగా మలచిన వైద్యుడు – నీల్స్ ఫిన్సెన్

సూర్యుని ప్రత్యక్షదైవంగా కొలిచే సంప్రదాయం మనది. రథసప్తమినాడు జిల్లేడాకులు తలపై ఉంచుకొని స్నానం చేయడం, పసిపిల్లలకు నూనె పట్టించి లేత ఎండలో కాసేపు పడుకోబెట్టడం తెలుగు ఇండ్లలో తరతరాలుగా వస్తున్న అలవాట్లు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల ప్రజలకు ఎండ కరువు ఎట్టిదో తెలియదు. అయితే ఎండలోని ఏ కిరణం మేలు చేస్తుంది, ఏది కీడు చేస్తుంది, ఎంత మోతాదులో అది ఔషధమవుతుంది అనే ప్రశ్నలకు ప్రయోగాల ద్వారా సమాధానం వెదికి, కేవలం వెలుగుతో చర్మవ్యాధిని నయంచేసి చూపిన వైద్యుడు ఎండ అరుదుగా కాసే సముద్రదీవులలో పుట్టాడు. ఆయనే నీల్స్ రైబర్గ్ ఫిన్సెన్.

బాల్యము – విద్యాభ్యాసము

ఫిన్సెన్ 1860 డిసెంబరు 15న ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంలోని ఫారో దీవుల ముఖ్యపట్టణమైన టోర్షావ్న్‌లో జన్మించాడు. ఆ దీవులు డెన్మార్క్ రాజ్యంలోనివి. మంచు, మబ్బు, చలిగాలి అక్కడి నిత్యానుభవాలు. తండ్రి ఐస్‌లాండ్ దేశపు వంశానికి చెందిన ప్రభుత్వాధికారి. నాలుగేండ్ల ప్రాయంలోనే బాలుడు తల్లిని కోల్పోయాడు.

ప్రాథమిక విద్య స్వస్థలంలో ముగిసిన పిమ్మట, 1874లో తండ్రి అతనిని డెన్మార్క్‌లోని హెర్లుఫ్స్‌హోమ్ వసతి పాఠశాలకు పంపాడు. అక్కడ బాలుడు రాణించలేదు. మనసు మంచిదే గాని శక్తిసామర్థ్యాలు తక్కువని ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు అభిప్రాయపడ్డాడు. 1876లో తండ్రి అతనిని ఐస్‌లాండ్ రాజధాని రేక్యవీక్‌లో, తాను చదువుకొన్న పాఠశాలలోనే చేర్పించాడు. అక్కడ కూడా ఫిన్సెన్ ప్రథమ శ్రేణి విద్యార్థి కాలేదు. 1882లో తుది పరీక్షలో ఉత్తీర్ణులైన 15 మందిలో అతనిది 11వ స్థానం. అప్పటికి అతనికి 21 ఏండ్లు. ఈ మార్కుల పట్టికను చూసి, ఇరవై ఏండ్ల తరువాత ఇతడు నోబెల్ బహుమతి గ్రహీత కాగలడని ఎవరు ఊహించగలరు?

అదే సంవత్సరం కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు చేరి, 1890లో పట్టభద్రుడయ్యాడు. తరువాత అక్కడే శరీరనిర్మాణ శాస్త్ర విభాగంలో ఉద్యోగం లభించింది. కాని 1893లో పరిశోధనకు కాలం చాలదని ఆ కొలువును విడిచిపెట్టి, వైద్యవిద్యార్థులకు ప్రైవేటుగా పాఠాలు చెప్పుకొంటూ జీవనం సాగించాడు.

వెలుగు వైపు చూపు

విద్యార్థి దశలోనే ఫిన్సెన్‌ను ఒక మొండి వ్యాధి పట్టుకొంది. గుండె, కాలేయం, ప్లీహములను చుట్టియుండే పొరలు క్రమంగా గట్టిపడి, జలోదరానికి దారితీసిన వ్యాధి అది. రక్తహీనత, అలసట ఆయనను నిత్యం బాధించేవి. ఉత్తరముఖంగా ఉన్న గదిలో నివసించే ఆ యువకునికి ఎండలో కూర్చున్నప్పుడు శరీరం తేలికపడినట్లు తోచేది. కిటికీ ఎదుట ఇంటికప్పుపై ఒక పిల్లి ఎండ కాచుకొంటూ, నీడ తనపైకి పాకినప్పుడల్లా లేచి మళ్ళీ ఎండలోకి జరగడం ఆయన గమనించాడు. జంతువు సహజంగా కోరుకొనే ఈ ఎండలో ఏదో శక్తి ఉండాలని భావించాడు. అందరూ చూసి మరచిపోయే దృశ్యమే ఆయనకు పరిశోధనాంశమైంది.

ఫిన్సెన్ తన శరీరాన్నే ప్రయోగశాలగా చేసుకొన్నాడు. ముంజేతిపై నల్లని సిరాతో ఒక పట్టీ పూసి, చేతిని తీవ్రమైన ఎండలో ఉంచాడు. సిరాలేని చోట చర్మం కంది ఎర్రబడి, కొన్నాళ్ళకు నల్లబడింది. సిరా కింది చర్మం తెల్లగానే ఉంది. సిరా కడిగివేసి మళ్ళీ ఎండలో ఉంచగా, ఈసారి తెల్లని భాగం మాత్రమే కందింది. ముందే నల్లబడిన భాగం క్షేమంగా ఉంది. చర్మంలోని నల్లని వర్ణకం వెలుగును అడ్డగించే సహజ కవచమని ఈ చిన్న ప్రయోగం తేటతెల్లం చేసింది.

సూర్యకాంతిలో ఊదారంగుకు ఆవల కంటికి కనిపించని కిరణాలు ఉన్నాయని జర్మన్ శాస్త్రవేత్త రిట్టర్ 1801లోనే కనుగొన్నాడు. వాటినే నేడు అతినీలలోహిత కిరణాలు అంటున్నాము. వెలుగుకు సూక్ష్మక్రిములను చంపే గుణమున్నదని ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇరువురు 1877లో నిరూపించారు. ఈ రెండు విషయాలను రోగి పడక వద్దకు తెచ్చిన ఘనత ఫిన్సెన్‌ది.

1893లో ఆయన మొదట మశూచి రోగుల గురించి ఆలోచించాడు. నీలి, ఊదా కిరణాలను తొలగించి ఎర్రని వెలుగు మాత్రమే ఉన్న గదిలో ఉంచితే పొక్కులు చీము పట్టక, మచ్చలు మిగలవని ప్రతిపాదించాడు. ఈ పద్ధతి నాడు ఆదరణ పొందినా, కాలపరీక్షకు నిలువలేదు. నిజమైన విజయం మరొక వ్యాధి విషయంలో లభించింది.

చర్మక్షయపై విజయం

లూపస్ వల్గారిస్ అనే చర్మక్షయ నాటి ఐరోపాలో వేలాది మందిని పీడించేది. క్షయక్రిమి చర్మంలో చేరి, ముఖ్యంగా ముక్కును, చెక్కిళ్ళను, పెదవులను ఏండ్ల తరబడి తినివేసేది. ప్రాణం వెంటనే పోదు. కాని ముఖం పోతుంది. రోగులకు పని దొరికేది కాదు. జనం మధ్యకు రాలేక ముసుగు చాటున బ్రతికేవారు. కోసినా, కాల్చినా వ్యాధి తిరగబెట్టేది.

1895 నవంబరులో, ఎనిమిదేండ్లుగా ఈ వ్యాధితో బాధపడుతున్న ఒక ఇంజనీరుకు కోపెన్‌హేగన్ విద్యుత్ కేంద్రంలోనే ఫిన్సెన్ చికిత్స ఆరంభించాడు. కార్బన్ ఆర్క్ దీపపు తీక్షణమైన వెలుగును కటకాలతో కేంద్రీకరించి, ప్రతిదినం వ్యాధి సోకిన చోట ప్రసరింపజేశాడు. కొద్ది నెలలకే పుండు మానుముఖం పట్టింది.

ఈ చికిత్సలోని మెలకువలు గమనింపదగినవి. మామూలు గాజు అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డగిస్తుంది. కనుక ఆయన స్ఫటికపు కటకాలను వాడాడు. వేడికి చర్మం కాలకుండా కాంతిని నీటి గుండా పంపి చల్లబరిచాడు. రక్తం కూడా కాంతిని పీల్చుకొంటుందని మరొక ప్రయోగంలో కనుగొన్నాడు. చెవి తమ్మె వెనుక ఛాయాచిత్రపు కాగితం ఉంచి ముందు నుండి వెలుగు ప్రసరింపజేస్తే కాగితం నల్లబడలేదు. రెండు గాజు పలకల నడుమ తమ్మెను నొక్కి రక్తాన్ని తొలగించగానే నల్లబడింది. అందుచేత స్ఫటికపు బిళ్ళతో రోగి చర్మాన్ని అదిమిపట్టి చికిత్స చేసే పద్ధతి ఏర్పడింది. ఒక పెద్ద దీపం చుట్టూ నాలుగు గొట్టాలు, వాటి కింద నలుగురు రోగులు, ఒక్కొక్కరి వద్ద గంటకు పైగా బిళ్ళను అదిమి పట్టుకొని ఓర్పుతో కూర్చొనే నర్సులు – ఇదీ నాటి చికిత్సాలయ దృశ్యం.

1896లో దాతల సహాయంతో కోపెన్‌హేగన్‌లో ఫిన్సెన్ వైద్య కాంతి సంస్థ వెలసింది. 1901 నాటికి అక్కడ 800 మందికి పైగా చర్మక్షయ రోగులు చికిత్స పొందగా, అత్యధికులకు గుణం కనిపించింది. డెన్మార్క్ రాకుమార్తె, బ్రిటిష్ యువరాజు భార్య అయిన అలెగ్జాండ్రా 1900లో లండన్ ఆసుపత్రికి ఫిన్సెన్ దీపాన్ని బహూకరించింది.

తుది దినములు

1903లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి ఫిన్సెన్‌ను వరించింది. అప్పటికి ఆయన చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. బహుమతి స్వీకరణకు స్టాక్‌హోమ్ వెళ్ళలేకపోయాడు. బహుమతి ధనంలో పెద్ద భాగాన్ని కాంతి సంస్థకు, గుండె, కాలేయ రోగుల కొరకు నెలకొల్పిన చికిత్సాలయానికి అర్పించాడు. జలోదరపు నీటిని పలుమార్లు తీయించుకొంటూనే, తాను తినే ఉప్పుకు, ఒంట నీరు చేరడానికి గల సంబంధాన్ని కొలతలతో నమోదు చేశాడు. 1904లో వెలువడిన ఆయన చివరి రచన ఆ విషయం గురించినదే. ఆ సంవత్సరం సెప్టెంబరు 24న, 43 ఏండ్ల వయస్సులో కన్నుమూశాడు. ఇతరుల ముఖాలను తిరిగి వెలుగులోకి తెచ్చిన ఆ వైద్యునికి తన వ్యాధికి మందు దొరకలేదు.

ఫిన్సెన్ తరువాత

క్షయకు మందులు వచ్చిన తరువాత చర్మక్షయకు కాంతి చికిత్స అవసరం తీరిపోయింది. ఫిన్సెన్ ఊహలన్నీ సరియైనవి కావని కూడా తేలింది. 2005లో డెన్మార్క్ పరిశోధకులు ఆయన పాత పరికరాలను పరీక్షించి, తీక్షణమైన అతినీలలోహిత కిరణాలు వాటి గుండా బయటికే రాలేదని గుర్తించారు. క్షయక్రిమిలోని పోర్ఫిరిన్ అనే పదార్థాలు మిగిలిన కాంతిని గ్రహించగా క్రిమి నశించి ఉండవచ్చునని తెలిపారు. వివరణ మారినా, నయమైన ముఖాలు మాత్రం సత్యం.

ఆయన తెరచిన మార్గం సోరియాసిస్, బొల్లి రోగులకు ఆశాజ్యోతి అయింది. బొల్లికి బావంచాలు పూసి ఎండ చూపడం మన దేశంలో ప్రాచీన వైద్యం. ఆ గింజల నుండి 1933లో జోయిస్, మంజునాథ్, వెంకటరావు అనే భారతీయ రసాయన శాస్త్రజ్ఞులు సోరాలెన్‌ను వేరుచేశారు. సోరాలెన్ జాతి మందును ఇచ్చి, అతినీలలోహిత కాంతి చూపే పద్ధతి 1974లో అమెరికాలో సోరియాసిస్‌కు ప్రకటితమైంది. నేడు 311 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని వారానికి రెండు మూడు పర్యాయాలు, కళ్ళకు రక్షణ కల్పించి, కొలిచిన మోతాదులో కొన్ని నెలల పాటు ఇస్తున్నారు. సోరియాసిస్‌లో అది చర్మకణాల అతివృద్ధిని అణచుతుంది. బొల్లిలో రోమకూపాలలో మిగిలియున్న వర్ణకణాలను మేల్కొల్పుతుంది. మోతాదు మీరితే అదే కాంతి చర్మాన్ని కాల్చుతుంది. కావున వైద్యుని సలహా లేక బావంచాలు పూసి ఎండలో నిలబడడం ప్రమాదకరం.

తల్లిదండ్రులు గ్రహింపవలసిన విషయం ఒకటున్నది. బొల్లి అంటువ్యాధి కాదు, కుష్ఠు కాదు; సోరియాసిస్ కూడా అంటదు. అయినను ఈ మచ్చలు గల బిడ్డను బడికి పంపడానికి జంకేవారు, పక్కన కూర్చోవద్దని తమ పిల్లలకు చెప్పేవారు, పెళ్ళి సంబంధం చెడుతుందని చికిత్సనే దాచేవారు నేటికీ ఉన్నారు. మచ్చ కనిపించినప్పుడు దాచవలసిన పని లేదు. చర్మవ్యాధి నిపుణునికి చూపిస్తే చాలు.

కోపెన్‌హేగన్‌లో ఫిన్సెన్ స్మారకంగా నిలిపిన శిల్పంలో మానవమూర్తులు ఆకాశం వైపు, వెలుగు వైపు చేతులు చాచి ఉంటారు. శక్తి చాలదని ఒక పాఠశాల తీర్పు చెప్పిన బాలుని పేరిట వెలసిన శిల్పమది. ఏ తరగతిలోనైనా చివరి వరుసలో కూర్చున్న బాలుడు కిటికీ వెలుపల దేనిని అంత శ్రద్ధగా చూస్తున్నాడో, కోపగించే ముందు ఒక్కసారి అడిగి తెలుసుకోవడం గురువులందరికీ మేలు.