గామా పహిల్వాన్ – తిండి, తాలీము

గామా పేరు వినని ఇల్లు మనలో అరుదు. పిల్లవాడు పాలు తాగనని మారాం చేస్తే పెద్దవాళ్ళు ఆయన పేరు చెప్పి తాగించేవారు. పేరైతే నిలిచింది గాని, ఆయన జీవితంలో సగం సంగతే మనదాకా వచ్చింది. తిన్నది అందరూ చెబుతారు. తిన్నదాన్ని ఎట్లా ఖర్చు పెట్టాడో చెప్పేవారు తక్కువ.

అసలు పేరు గులాం మహమ్మద్ బక్ష్. 1878లో పంజాబులో, అమృత్‌సర్ జిల్లా జబ్బోవాల్ గ్రామంలో, కుస్తీ పట్టే కాశ్మీరీ కుటుంబంలో పుట్టాడు. తండ్రి అజీజ్ బక్ష్ కూడా పహిల్వానే. గామాకు ఆరేళ్ళ వయసులోనే ఆయన పోయాడు. మొదట తల్లి తండ్రి నూన్ పహిల్వాన్, ఆ తర్వాత మేనమామ ఈదా పహిల్వాన్ పిల్లవాణ్ణి చేరదీశారు. 1888లో జోధ్‌పూర్ మహారాజు బస్కీల పోటీ పెట్టాడు. నాలుగు వందల పైచిలుకు పహిల్వానులు దిగితే, చివరి పదిహేను మందిలో ఈ పదేళ్ళ పిల్లవాడు మిగిలాడు. ఆ తర్వాత దతియా సంస్థానాధిపతి అతన్ని తన నీడకు తీసుకున్నాడు.

అక్కడ తిండి ఎట్లా ఉండేదో గమనించాలి. చిన్నతనంలో పాలు, బాదం, పండ్లరసమే ముఖ్యమట. మాంసం, యఖ్నీ, నెయ్యి పెద్దయ్యాక వచ్చి చేరినవి. అంటే పని పెరిగినకొద్దీ పళ్ళెం పెరిగిందన్నమాట. రోజుకు ఐదు వేల బస్కీలు, మూడు వేల దండీలు తీసేవాడని, పది లీటర్ల పాలు తాగేవాడని చెప్పుకుంటారు. లెక్కల్లో అతిశయం ఉంటే ఉండనీయండి, రెండూ పక్కపక్కనే చెప్పుకోవలసినవి. మన తాలీంఖానాల చుట్టుపక్కల కొందరు కుర్రవాళ్ళు పాలు, నెయ్యి మాత్రం గామా మాదిరి పట్టి, దండీలు మాత్రం వారానికొకసారి తీస్తారు. కండ రాదు సరిగదా, బొజ్జ వస్తుంది.

ఎందుకంటే కండ మెల్లగా పెరుగుతుంది. మిగిలిపోయిన తిండిని ఒళ్ళు కొవ్వుగా దాచుకుంటుంది. గ్రాము మాంసకృత్తులలో 4 కేలరీలుంటే, గ్రాము నెయ్యిలో 9 ఉంటాయి. బరువులెత్తే మనిషికి కిలో బరువుకు సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు చాలు. 60 కిలోల కుర్రవాడికి వంద గ్రాములలోపే. గుడ్లు, పప్పు, పెరుగు, చేప, కొవ్వు తీసిన మాంసం కలిపి ఇంట్లోనే సమకూరుతుంది. రోజువారీ ఖర్చుకు మించి రెండు మూడు వందల కేలరీలు అదనంగా ఉంటే సరిపోతుంది. రెండు పెద్ద చెంచాల నెయ్యితోనే ఆ అదనం తీరిపోతుంది! వలీమా విందులో బిర్యానీ రెండోసారి వడ్డించుకునేటప్పుడు ఈ లెక్క మనకెవరికీ గుర్తుండదు, నాతో సహా. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం మాంసకృత్తులు పెంచేముందు డాక్టరును అడగాలి.

మళ్ళీ గామా దగ్గరకు వద్దాం. 1910లో తమ్ముడు ఇమాం బక్ష్‌తో లండన్ వెళ్ళాడు. మనిషి ఐదడుగుల ఏడంగుళాలు, అంతే. పొట్టివాడని పోటీలోకి రానీయలేదు. ఎవరైనా రండని సవాలు విసిరి, అమెరికా డాక్టరు రోలర్‌ను పడగొట్టాడు. సెప్టెంబర్ 10న తనకన్నా భారీ మనిషి, పోలండ్ మల్లుడు బిస్కోతో రెండున్నర గంటలకు పైగా పోరాడాడు. బిస్కో చాలాసేపు నేలకు కరుచుకుని ఉండిపోయాడు, ఫలితం తేలలేదు. వారం తర్వాత మళ్ళీ పెడితే అతను రానేలేదు. పట్టా గామాకే దక్కింది.

1928 జనవరిలో పటియాలాలో ఇద్దరూ మళ్ళీ తలపడ్డారు. గామాకు అప్పటికి యాభై దగ్గర పడుతున్నది. నిమిషం తిరగకుండానే బిస్కో వెల్లకిలా పడ్డాడు. ఆ వయసుకు చాలామంది పహిల్వానులు తాలీము మాని, తిండి మానక, ఒళ్ళు పెంచుకుని కూర్చుంటారు.

1947లో ఆయన లాహోరులో ఉన్నాడు. అల్లర్లలో తన వీధి హిందువుల ఇళ్ళ మీదికి గుంపు వస్తే ఎదురు నిలబడి కాపాడాడు. ఆ ఒంటికి అంతకన్నా మంచి వినియోగం ఏదీ నాకు తోచదు. ముసలితనంలో జబ్బు, డబ్బుకు ఇబ్బంది రెండూ పట్టుకున్నాయి. 1960 మే 23న లాహోరులోనే కన్నుమూశాడు.